కాటా ఆగిన రోజు

చాట్రాయి చుట్టుపక్కల బ్రాయిలర్ షెడ్లలో తలుపు పక్కన దారానికి వేలాడే అట్ట ఒకటి ఉంటుంది. బ్యాచ్ కార్డు. పిల్లలు దిగిన తేదీ, దిగినవి ఎన్ని, రోజువారీ మోర్టాలిటీ, ఖర్చయిన మేత బస్తాలు, వారానికోసారి సగటు బరువు. చెమట చేతులు తగిలి ఆ అట్ట నాలుగో వారానికి మెత్తబడిపోతుంది. అయినా రైతు కన్ను రోజూ దాని మీదే. 2022 ఏప్రిల్‌లో కొత్త జిల్లాలు వచ్చాక కృష్ణా నుంచి ఏలూరులోకి మారిన ఈ మండలానికి పేరు తెచ్చింది రసాలూ బంగినపల్లీ. మామిడి ఏడాదికి ఒక్క కాపు. కోడి అలా కాదు, ఏడాదిలో ఐదారు బ్యాచ్‌లు చేతికొస్తుంది. అందుకే తోటల నడుమ ఎండ లోపల పడకుండా తూర్పు పడమరలుగా కట్టిన పొడవాటి షెడ్లు కనిపిస్తాయి.

ఇప్పుడు ఎక్కువ మంది చేసేది ఇంటిగ్రేషన్ పద్ధతి. పిల్ల, మేత, మందు కంపెనీవి. షెడ్డు, కరెంటు, నీళ్లు, కష్టం రైతువి. ఎత్తిన కోళ్ల బరువుకు కిలోకి ఇంతని గ్రోయింగ్ ఛార్జీ ఇస్తారు. ఆ ఇంత ఎంతన్నది మోర్టాలిటీ మీద, ఎఫ్‌సీఆర్ మీద, అంటే కిలో బరువు రావడానికి ఎన్ని కిలోల మేత తిన్నది అన్నదాని మీద ఆధారపడుతుంది. కాబట్టి కార్డు మీది బరువు అంకెలు అలంకారానికి రాసేవి కావు. వాటిని చూసి రైతు అడిగేది ఒక్కటే: ఇది ఇలా పెరిగితే లారీ వచ్చే రోజుకు ఎంత తూగుతుంది? గణితం భాషలో చెప్పాలంటే, కాగితం మీద కొన్ని చుక్కలున్నాయి, వాటి గుండా ఒక గీత గీసి ముందుకు పొడిగించాలి. ఈ అధ్యాయమంతా ఆ గీత గురించే. ముఖ్యంగా అది ఎక్కడిదాకా నిజం చెబుతుంది, ఎక్కడి నుంచి కథలు చెబుతుంది అన్నదాని గురించి.

స్కేలు పెట్టి గీస్తే కుదరదు. హేచరీ నుంచి వచ్చిన పిల్ల సుమారు 42 గ్రాములు. వారం తిరిగేసరికి దానికి నాలుగింతలు. 35 రోజులకు రెండు కిలోల పైచిలుకు, అంటే పుట్టిన బరువుకు యాభై రెట్లు. ఇందులో రెండు లెక్కలు ఎదురెదురుగా నడుస్తుంటాయి. ఉన్న బరువు రోజూ పెరుగుతూ పోతుంది. ఉన్న బరువులో ఎంత శాతం పెరిగింది అన్న అంకె మొదటి వారం నుంచే పడిపోతూ వస్తుంది. మొదట్లో బరువు పెరుగుదలదే పైచేయి, గీత పైకి లేస్తుంది. ఒక రోజు రెండూ సరితూగుతాయి. ఆ తర్వాత శాతం పతనానిదే పైచేయి, గీత వాలడం మొదలై చివరికి చదునవుతుంది. సాగదీసిన ఇంగ్లిషు ఎస్ అక్షరంలా ఉంటుందది. రోజువారీ పెరుగుదల శిఖరానికి చేరిన ఆ రోజును మలుపు అందాం. గీత చదునయ్యే ఎత్తును తుది బరువు అందాం.

ఈ ఎస్‌ను రాయడానికి సూత్రాలు చాలానే ఉన్నాయి. కోళ్ల శాస్త్రవేత్తలు ఎక్కువగా వాడేవి మూడు. బెల్జియం గణితవేత్త వెర్‌హుల్స్ట్ 1838లో జనాభా కోసం రాసిన లాజిస్టిక్ ఒకటి. ఇందులో మలుపు సరిగ్గా తుది బరువులో సగం దగ్గర వస్తుంది. బెర్టలాన్ఫీ సూత్రంలో 29.6 శాతం దగ్గర వస్తుంది. ఈ రెంటి మధ్య, 36.8 శాతం దగ్గర మలుపు తిరిగేది గొంపెర్ట్జ్ సూత్రం. కోడి బరువులకు ఎక్కువసార్లు నప్పేది ఇదే. మలుపు ఎక్కడ ఉండాలో ముందే శాసించడం ఇష్టం లేనివాళ్లు 1959లో రిచర్డ్స్ రాసిన సూత్రం వాడతారు. అందులో మలుపు చోటును కూడా డేటానే తేల్చుకుంటుంది.

బెంజమిన్ గొంపెర్ట్జ్ జన్మలో కోడిని తూచిన మనిషి కాడు. లండన్ యూదుడు కావడంతో విశ్వవిద్యాలయం తలుపులు తెరుచుకోలేదు. సొంతంగా గణితం నేర్చుకుని రాయల్ సొసైటీ సభ్యుడయ్యాడు, బీమా కంపెనీలో లెక్కలు చూశాడు. వయసు పెరిగేకొద్దీ మనిషి చనిపోయే అవకాశం ఏటా ఒకే నిష్పత్తిలో హెచ్చుతుందని 1825లో ఒక వ్యాసంలో చూపించాడు. చావుల పట్టిక కోసం పుట్టిన ఆ గీత పెరుగుదలకూ పనికొస్తుందని అర్థమవడానికి నూరేళ్లు పట్టింది. 1926లో జన్యుశాస్త్రవేత్త స్యూవాల్ రైట్ ఆ మాట అన్నాడు, 1932లో చార్లెస్ విన్సర్ దాని గణితాన్ని విడమరిచి రాశాడు. కోడి విషయంలో గొంపెర్ట్జ్ చెప్పేది ఇంతే: శాతం పెరుగుదల ప్రతిరోజూ తనలో ఒక స్థిరమైన భాగాన్ని కోల్పోతుంది. నిన్నటి రేటులో ఇవాళ, ఉదాహరణకు, నాలుగు శాతం తగ్గుతుంది. రేపు ఇవాళ్టి రేటులో మళ్లీ నాలుగు శాతం.

సూత్రం చేతిలో ఉన్నాక అందులో మూడు అంకెలు నింపాలి: తుది బరువు, మలుపు రోజు, రేటు పడిపోయే వేగం. చుక్కలకూ గీతకూ మధ్య తేడాలను వర్గం చేసి కూడితే వచ్చే మొత్తం వీలైనంత తక్కువ కావాలి. 1805లో లెజాండ్రె ప్రచురించిన కనిష్ఠ వర్గాల పద్ధతి ఇది. 1809లో గౌస్ దీన్ని తాను అంతకు ముందునుంచే వాడుతున్నానని రాసి పెద్ద తగవు పెట్టాడు. సరళరేఖ అయితే చేత్తోనే తేలిపోతుంది. ఎస్ ఆకారపు గీతకు అలా తేలదు. ఒక ఊహతో మొదలుపెట్టి, సవరించి, మళ్లీ సవరించి దగ్గరకు చేరాలి. లెవెన్‌బర్గ్, మార్క్వార్ట్ ఇచ్చిన ఉపాయంతో ఇప్పుడు ఫోను కూడా రెప్పపాటులో చేసేస్తుంది. కష్టం అందులో లేదు.

కష్టం ఎక్కడుందో చూపడానికి ఒక నిజమైన కోడిపిల్లను తీసుకుంటాను. ఆర్ అనే ఉచిత గణాంక సాఫ్ట్‌వేర్‌లో చిక్‌వెయిట్ అనే పట్టిక ఉంటుంది. నాలుగు రకాల మేతల మీద పెరిగిన 50 పిల్లల బరువులు. క్రౌడర్, హ్యాండ్ అనే గణాంకవేత్తలు 1990లో వేసిన పుస్తకం నుంచి తీసుకున్నది. ప్రపంచంలో గణాంకశాస్త్రం చదివే పిల్లల్లో చాలామంది చేతుల్లోంచి వెళ్లిన పట్టిక ఇది. మొదటి పిల్ల బరువులు గ్రాముల్లో, పుట్టిన రోజు నుంచి రెండు రోజులకోసారి: 42, 51, 59, 64, 76, 93, 106, 125, 149, 171, 199. చివరిది 21వ రోజున 205. అక్కడితో కాటా ఆగింది. బ్రాయిలర్లకు అలవాటుపడిన కంటికి ఇవి చాలా చిన్న బరువులు. ఎదగడం ఎలా ఉంటుందో నేర్చుకోవడానికి మాత్రం సరిపోతాయి.

ఈ పన్నెండు చుక్కలకు లాజిస్టిక్ గీత కుదిరిస్తే అందంగా కూర్చుంటుంది. పదో రోజుకు గీత చెప్పేది 92.5, కాటా చెప్పింది 93. మొత్తం మీద గీతకూ చుక్కలకూ తేడా రెండు మూడు గ్రాములు. ఇంత బాగా కుదిరిన గీత ఇచ్చిన తుది బరువు 937 గ్రాములు. బాగుంది కదా అనుకునేలోపు పక్కనున్న అంకె చూడండి. దాని ప్రామాణిక దోషం 466 గ్రాములు! తొమ్మిది వందల ముప్పై ఏడు, అటో ఇటో నాలుగు వందల అరవై ఆరు. అది కూడా ఒక్క దోషం పరిధిలోనే. కారణం మలుపు రోజులో ఉంది. గీత లెక్కలో మలుపు 35వ రోజున వస్తుంది. కాటా 21కే ఆగింది. అంటే మనం చూసింది ఎస్‌లో కింది సగంలో కొంత మాత్రమే, మిగతాది సూత్రం ఇచ్చిన మాట.

నమ్మకం కుదరకపోతే చేత్తో చేసి చూడవచ్చు. పుట్టిన రోజు, పదో రోజు, ఇరవయ్యో రోజు బరువులు తీసుకోండి: 42, 93, 199. మూడు అంకెలున్న సూత్రం మూడు చుక్కల గుండా తేడా లేకుండా పోతుంది. లాజిస్టిక్‌కు మూడు బరువుల విలోమాలు తీసుకుంటే చాలు, తుది బరువు 1.8 కిలోలు వస్తుంది. గొంపెర్ట్జ్‌కు లాగరిథమ్‌లు కావాలి. 42 నుంచి 93కి లాగరిథమ్‌లో తేడా 0.795. 93 నుంచి 199కి 0.761. రెండో తేడా మొదటి దానిలో 95.7 శాతం. అంటే పది రోజుల్లో రేటు నాలుగున్నర శాతం కూడా తగ్గలేదు. ఇంత నెమ్మదిగా తగ్గే రేటు ఆగేసరికి కోడి ఎంతవుతుంది? లెక్క చివరిదాకా చేస్తే 4,400 టన్నులు.

అచ్చుతప్పు కాదు. నాలుగు వేల నాలుగు వందల టన్నుల కోడి. ఇప్పుడు పదో రోజు కాటా ఒక్క గ్రాము ఎక్కువ చూపించిందనుకోండి, 93 బదులు 94. లెక్క మళ్లీ చేస్తే తుది బరువు ఐదు టన్నులకు దిగుతుంది. పిల్ల అప్పుడే నాలుగు గుక్కలు నీళ్లు తాగిందా లేదా అన్నంత తేడా, కోడిని వందల రెట్లు కుదించేసింది. 42, 93, 199 అనే మూడు బరువులకూ ఆ రెండు సూత్రాలూ తప్పు లేకుండా సరిపోయాయన్నది మరవకండి. చూసినంత మేర రెండూ ఒకటే మాట చెబుతున్నాయి. చూడని చోట ఒకటి 1.8 కిలోలంటే రెండోది 4,400 టన్నులంటోంది. తుది బరువన్నది ఇక్కడ కోడిలో ఉన్న గుణం కాదు. కాటా ఏ రోజున ఆపాం, ఏ సూత్రం ఎంచుకున్నాం అన్న రెంటి నుంచి పుట్టుకొచ్చిన అంకె.

అందుకే గీత ఎంత బాగా కుదిరిందో చెప్పే 0.99 అన్న అంకెను చూసి మురిసిపోయే పరిశోధన వ్యాసాలు నాకు రుచించవు. బరువు రోజురోజుకూ పెరిగేదే. ఎస్ ఆకారపు ఏ గీత వేసినా దాదాపు 0.99 వస్తుంది. నాలుగు సూత్రాలు వరసగా వేసి, మూడో దశాంశం దగ్గర గెలిచినదానికి పతకం కట్టడం వల్ల ఒరిగేదేమీ లేదు. అడగవలసింది వేరే: డేటా మలుపు దాటిందా? దాటకపోతే తుది బరువు గురించి ఆ వ్యాసం రాసిన వాక్యాలన్నీ వదిలేసి మిగిలింది చదువుకోవచ్చు.

బ్రాయిలర్ షెడ్డుకు ఈ ప్రశ్న మరీ సూటిగా తగులుతుంది. లెక్క కోసం ఒక కోడిని ఊహిద్దాం. గొంపెర్ట్జ్ గీత, తుది బరువు ఆరు కిలోలు, మలుపు 38వ రోజు, పుట్టినప్పుడు 42 గ్రాములు. ఈ కోడి 35వ రోజుకు 1.93 కిలోలు, 42వ రోజుకు 2.58 కిలోలు తూగుతుంది. మలుపు రోజున రోజుకు 93 గ్రాములు పెడుతుంది. మన షెడ్లలో కనిపించే కోడికి ఇది దగ్గరగానే ఉంది. లారీ వచ్చేది కూడా ఆ మలుపు చుట్టుపక్కలే. అంటే పెరుగుదల శిఖరం మీద ఉన్నప్పుడే కోడి షెడ్డు దాటిపోతుంది. గీత పై సగం ఎవరూ చూడరు. పేరెంట్ ఫారాల్లో ఏడాది పైన బతికే తల్లిదండ్రుల్ని చూద్దామంటే, వాటికి కొవ్వు పట్టి గుడ్లు తగ్గకుండా మేతను కొలిచి తక్కువ పెడతారు. కడుపునిండా తింటూ పూర్తిగా ఎదిగిన బ్రాయిలర్ వ్యాపారంలో ఎక్కడా తారసపడదు. కాగితాల్లో మాత్రం దాని తుది బరువు గ్రాములతో సహా కనిపిస్తుంది.

అలాగని గీత పనికిరాదని కాదు. మలుపు దాకా, దానికి అటూ ఇటూ వారం దాకా, చక్కగా పనికొస్తుంది. పైగా ఎదురుచూడని సంగతులు చెబుతుంది. కోడిని ఎప్పుడు ఎత్తాలి? మలుపు రోజునే అని చాలామంది అనుకుంటారు, ఆ తర్వాత పెరుగుదల తగ్గుతుంది కాబట్టి. పైన ఊహించిన కోడితోనే చూద్దాం. బ్యాచ్‌కు బ్యాచ్‌కు మధ్య ఊక తీసి, కడిగి, సున్నం కొట్టి, షెడ్డు ఆరబెట్టడానికి 15 రోజులు పోతాయనుకుందాం. షెడ్డు ఖాళీగా ఉన్న రోజుల్ని కూడా కలిపి రోజుకు సగటున ఎక్కువ బరువు తీయాలంటే, ఆ రోజు పెరిగిన బరువు అప్పటిదాకా ఉన్న సగటుకు సమానమయ్యేవరకు ఆగాలి. లెక్క 68వ రోజు దగ్గర తేలుతుంది. అప్పటికి కోడి నాలుగున్నర కిలోలు. మరి 40 రోజులకే ఎందుకు ఎత్తుతున్నారు? బరువు పెరిగిన కోడి తినే మేతలో ఎక్కువ భాగం ఒంటిని నిలబెట్టుకోవడానికే పోతుంది. కిలో పెంచడానికి పట్టే మేత రోజురోజుకూ ఎక్కువవుతుంది, ఖర్చులో పెద్ద వాటా మేతదే. చికెన్ కొట్టులో అడిగేది రెండు కిలోల కోడిని. అరవయ్యో రోజున ఎండదెబ్బకు ఒక కోడి పోతే పోయేది ఒక కోడి కాదు, అది అప్పటిదాకా తిన్న మేతంతా. బరువు గీత ఒక్కటి చేతిలో పెట్టుకుని వ్యాపారం చేస్తే నష్టపోతాం. దాని పక్కన మేత గీత కూడా గీయాలి.

ఎండ మాట వచ్చింది కాబట్టి మే నెల బ్యాచ్ సంగతి. నూజివీడు వైపు నలభై దాటే రోజుల్లో కోడి నోరు తెరిచి రొప్పుతుంది, మేత మానేస్తుంది. కప్పు మీద స్ప్రింక్లర్లు, లోపల ఫాగర్లు, పక్కలకు తడిపిన గోనె పట్టాలు, తెల్లవారుజామున మేత. ఎన్ని చేసినా నాలుగో వారం నుంచి చుక్కలు వాలతాయి. సూత్రంలో ఉష్ణోగ్రత అనే అంకె లేదు. వాలిన చుక్కల్ని చూసి కోడి ఎదగడం పూర్తి కావస్తోందనుకుంటుంది, తుది బరువు తగ్గించి చెబుతుంది. అదే జాతి, అదే మేత, సంక్రాంతి ముందు బ్యాచ్‌లో మరో తుది బరువు ఇస్తుంది. రెండు బ్యాచ్‌ల అంకెలు పక్కపక్కన పెట్టి పిల్ల మంచిది కాదని తీర్పు చెప్పేవాళ్లు ముందు క్యాలెండర్ చూడాలి.

గీతను చెడగొట్టేది ఇంకొకటి ఉంది, దాన్ని తక్కువగా పట్టించుకుంటారు. ఏ కోడిని తూచారు? చిక్‌వెయిట్ పట్టికకే మళ్లీ వెళ్దాం. మొదటి రోజు 50 పిల్లలూ 39 నుంచి 43 గ్రాముల మధ్యే ఉన్నాయి, ఒకదానికీ ఇంకోదానికీ తేడా తెలియదు. 21వ రోజున ఒకటి 74 గ్రాములు, ఇంకొకటి 373. వయసుతో పాటు చెదురు కూడా పెరుగుతుంది. అందుకే గ్రాముల మీద కాకుండా లాగరిథమ్‌ల మీద గీత కుదిర్చితే చిన్న వయసు చుక్కలకు కూడా గౌరవం దక్కుతుంది. ఇంకా గమనించండి: 50లో చివరిరోజు బరువు ఉన్నవి 45 మాత్రమే. పద్దెనిమిదో నంబరు పిల్ల 39 గ్రాములతో మొదలై రెండో రోజుకు 35కు దిగి పట్టికలోంచి మాయమైంది. పదిహేనోది, పదహారోది రెండో వారంలో ఎదుగుదల నిలిచి ఆగిపోయాయి. మిగిలినవాటి సగటు సహజంగానే ఎక్కువగా కనిపిస్తుంది. మోర్టాలిటీ ఎక్కువైన షెడ్డులో సగటు బరువు బాగుందంటే సంతోషించే ముందు ఇది గుర్తుచేసుకోవాలి.

షెడ్డులో వేల కోళ్లను తూచలేం, నూటికి ఒకటో రెండో తూచాలి. తలుపు దగ్గర నిలబడి చేతికందినవి పట్టుకుంటే దొరికేవి పరిగెత్తలేనివి. బరువైనవి కావచ్చు, కుంటివి కావచ్చు. సరైన పద్ధతి పెద్దగా కష్టం కాదు. షెడ్డు మధ్యలో ఒకచోట, చివర్లలో రెండుచోట్ల చిక్‌గార్డ్ రేకు చుట్టి, లోపల పడిన కోళ్లను ఒక్కటీ వదలకుండా తూచాలి. సగం తూచాక టైమైపోయిందని మిగతావి వదిలేయకూడదు, ఎందుకంటే చివరికి మిగిలేవి తప్పించుకు తిరిగే చురుకైనవే. ఎప్పుడూ ఒకే వేళకు తూచాలి. మేత తిన్న గంటకు తూచిన బరువులో కోడి ఎంతో, మెడ కింది మేతసంచిలో మేత ఎంతో చెప్పలేం. ఒక గ్రాము ఏం చేయగలదో పైన చూశాం.

జాతి మారితే గీత ఎంత మారుతుందో కెనడాలోని ఆల్బెర్టా విశ్వవిద్యాలయం వాళ్లు 2014లో ప్రచురించిన పరీక్షలో చూపారు. 1957 నాటి కోళ్ల వరసను, 1978 నాటి వరసను, 2005 నాటి వాణిజ్య బ్రాయిలర్‌ను ఒకే మేత మీద ఒకేసారి పెంచారు. 56 రోజులకు మొదటిది 905 గ్రాములు, రెండోది 1,808, మూడోది 4,202. మేతలో తేడా లేదు కాబట్టి ఆ నాలుగున్నర రెట్లూ తరతరాల ఎంపిక చేసిన పని. ఒక తరం కోడికి కుదిర్చిన గీతను తర్వాతి తరానికి వాడితే ఏమవుతుందో వేరే చెప్పక్కర్లేదు.

ఇక చాట్రాయిలోనే, షెడ్డుకు పది అడుగుల అవతల, మామిడి చెట్ల కింద గింజలు ఏరుకునే కోళ్లున్నాయి. నాటుకోళ్లు, కొన్ని ఇళ్లలో అసీల్ పుంజులు, హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని కోళ్ల పరిశోధన డైరెక్టరేట్‌లో పుట్టిన వనరాజా, గ్రామప్రియ. గణితం దృష్టిలో బ్రాయిలర్ కంటే ఇవే విలువైనవి. అసీల్ నెమ్మదిగా ఎదిగే జాతి, బాగా పెరిగిన పుంజు నాలుగు కిలోలు దాటుతుంది. దాన్ని నలభై రోజులకు ఎవరూ అమ్మరు, ఏడాదీ రెండేళ్లూ ఉంచుకుంటారు. సంక్రాంతి బరి కోసమే పెంచేవాళ్లున్నారు, పందెం చట్టవిరుద్ధమని తెలిసీ. ఆ సంగతి పక్కన పెడితే, గీత కింది సగం, మలుపు, చదునైన పైభాగం మూడూ కళ్లతో చూడగలిగే కోడి మన తోటల్లో ఇదొక్కటే. ఇక్కడ తుది బరువు సూత్రం ఊహించి చెప్పేది కాదు, కాటా చూపించేది.

కాబట్టి తోటలో నాటుకోళ్లున్నవాళ్లకూ, బడుల్లో లెక్కలు, జీవశాస్త్రం చెప్పే మాస్టార్లకూ ఒక మనవి. ఒక పొదుగులో లేచిన పిల్లల కాళ్లకు రంగు దారాలు కట్టండి. పిల్లలు లేచిన రోజున, ఆపైన నాలుగు నెలల దాకా వారానికోసారి, తర్వాత ఏడాది నిండేదాకా పదిహేను రోజులకోసారి, తెల్లవారి మేత వేయకముందు, అదే కోడిని అదే కాటా మీద తూచి నోటుబుక్కులో రాయండి. చచ్చిపోయినదాని పేజీ చింపకండి, తేదీ వేసి వదిలేయండి. ఎండలు ముదిరిన రోజులు పక్కన గుర్తు పెట్టండి. పెట్టలకూ పుంజులకూ విడివిడిగా రాయండి, రెంటి గీతలూ ఒకటి కావు. పుస్తకం నిండాక గన్నవరం పశువైద్య కళాశాల ఎంతో దూరం లేదు, తీసుకెళ్లి చూపించండి.